చెల్లెలికి చెప్పని రిపోర్టు

నా బిడ్డకు వచ్చింది కామెర్లు కాదేమోనని మొదట చెప్పింది ఆత్మకూరు ల్యాబ్‌లో రక్తం తీసే మస్తాన్ అన్న. ఎనిమిదేళ్లయింది. ఆ మాట బరువు ఇన్నాళ్లూ ఒక్కదాన్నే మోశాను. ఇక మోయలేక మీకు చెబుతున్నాను.

వాడికప్పుడు ఆరేళ్లు. మెట్లెక్కలేక పడిపోయేవాడు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎక్కువని వస్తే కామెర్లన్నారు. ఉదయగిరిలో మా ఇంట్లో ఉప్పు లేని పథ్యం, పరగడుపున నేల ఉసిరి పసరు మొదలయ్యాయి. ఆకు నూరేది నా చెల్లెలు సుబ్బులు. మమ్మల్నిద్దరినీ అన్నదమ్ములకే ఇచ్చారు. తనకు పెళ్లయి అప్పటికి మూడు నెలలు.

రెండోసారి పోయినప్పుడు, వాడు తొడల మీద చేతులూని లేవడం మస్తాన్ అన్న చూశాడు. డాక్టరుకు చెప్పి సీపీకే అనే ఎంజైము పరీక్ష చేయించాడు. వందల్లో ఉండాల్సింది వేలల్లో ఉంది. ఇది లివర్‌ది కాదు, దెబ్బతింటున్న కండలదన్నాడు డాక్టరు. తల్లి వైపు నుంచి మగబిడ్డలకు వస్తుందట. చెల్లెలుంటే కడుపు పండకముందే పరీక్ష చేయించుకోమన్నాడు.

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. అత్తింట్లో ఏ కాగితమైనా చదివి చెప్పేది నేనే. రిపోర్టుతో ఇంటికి రాగానే సుబ్బులు రోలు దగ్గర నుంచే అడిగింది.

"ఏముండాదక్కా దాంట్లో?"

"కామెర్లే. ఇంకా తగ్గలేదంట."

"అయితే ఇంకో పిడికెడు ఆకేస్తా. వాడు తిట్టుకుంటే తిట్టుకోనీ నన్ను."

ఎందుకలా అన్నాను? పుట్టింటి రక్తమే చెడ్డదని అత్త ఇద్దరినీ ఆడిపోసుకుంటుందని. చెల్లెలి కాపురం కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. తన కోసమేనా? పనికిరాదని తెలిసీ నా బిడ్డ చేత ఇంకో నెల ఆ చేదు తాగించాను.

మరుసటేడు సుబ్బులుకు కొడుకు పుట్టాడు. ఆ తర్వాతే నెల్లూరు పెద్దాసుపత్రిలో జబ్బు పేరు కండరాల క్షీణత అని ఇంట్లో అందరికీ తెలిసింది. ఇంకా నడక కూడా రాని ఆ బిడ్డ రక్తంలోనూ అదే ఎంజైము, అవే వేలు. నేనూ అప్పుడే విన్నట్టు ఏడ్చాను. నీకు మాత్రం ముందే ఎట్లా తెలుస్తుందని సుబ్బులే నన్ను ఓదార్చింది. ఏడేళ్లుగా ఓదారుస్తూనే ఉంది.

దేవుడి దయవల్ల పిల్లలిద్దరూ నవ్వుతూ ఉన్నారు. ఆ దయ తలుచుకున్న ప్రతిసారీ నాకు సిగ్గేసేది. నిన్న సుబ్బులుకు అంతా చెప్పేశాను. విన్నది. లేచి వెళ్లి కొడుకు కాళ్లకు నూనె రాసింది. తర్వాత నా కొడుక్కీ రాసింది. నా వైపు చూడకుండా నూనె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. క్షమించమని అడగలేదు నేను. చెప్పగలిగాను, అంతే. ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది.

మీరు దండం పెట్టుకునేటప్పుడు నన్ను తలవకండి. సుబ్బుల్ని తలుచుకోండి.