సర్వరుకు నొప్పి యాడుండాదని అడిగిన అక్క

పోయిన నెల ఒక ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే గుడియాత్తం నుంచి ఫోను వచ్చింది. "అక్క పోయిందమ్మా, నిద్రలోనే," అన్నారు ఆమె తమ్ముడు. అక్క అంటే వేలూరులో మా షూ కంపెనీ కంప్యూటరు సర్వర్లను ఏళ్లకేళ్లు చూసుకుని, రెండేళ్ల కిందట రిటైరైన మనిషి. నాకు పని నేర్పింది ఆవిడే. చెప్పులు వేసుకోబోతున్నదాన్ని గడప మీదే కూర్చుండిపోయాను.

నేతపని చేసే ఇంట్లో పుట్టారామె. రోజూ రైల్లో కాట్పాడికి, అక్కడి నుంచి బస్సులో ఆఫీసుకు. తెలుగు గలగలా మాట్లాడేవారు గానీ చదవడం రాదు. నాకు పంపే మెసేజీల్లో తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో ఉండేవి. పైకి చదివితేగాని అర్థమయ్యేవి కావు. చదివితే ఆమె గొంతే వినబడేది.

నేను చేరిన ఏడాది సర్వరు మొరాయించింది. ఒక్క ఆర్డరు తెరవాలంటే నిమిషాలు పట్టేది. మిషను పాతబడింది, మార్చాల్సిందేనని అమ్మినవాళ్లు తేల్చేశారు. నేనూ తలూపాను. అక్క ఒప్పుకోలేదు.

"ముసలిదైపోయిందని నువ్వే చెప్పేస్తే ఎట్లమ్మా? యాడ నొప్పి ఉండాదో చూసినావా?"

రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. ప్రాసెసరు ఖాళీగానే ఉంది, మెమరీ చాలినంత ఉంది. డిస్కుకు మాత్రం ఊపిరాడటం లేదు. చివరికి ఒక ఫోల్డరు దగ్గర ఆగారు. షూ డిజైన్ల బొమ్మలు, లెక్కలేనన్ని చిన్న ఫైళ్లు, అన్నీ అందులోనే. ఒక్క బొమ్మ కావాలన్నా సర్వరు ఆ జాబితా అంతా వెతుక్కోవాలి. పాతవీ కొత్తవీ తెచ్చి అలా కుప్ప పోసింది నేనే. అప్పటికింకా నా ఉద్యోగం ఖాయం కాలేదు.

"అక్కా, అది నేను..."

"తెలుసులే. నూలంతా ఒకే కుప్పగా వేస్తే కొస యాడ దొరుకుతాది? ఏడాదికొకటి, నెలకొకటి విడగొట్టు. నువ్వే చెయ్యి, నేను పక్కనే ఉంటా."

ఆ ఆదివారమంతా విడగొట్టాం. సోమవారం ఆర్డర్లు నొక్కగానే తెరుచుకున్నాయి. ఏం చేశారని మేనేజరు అడిగితే, "సామాన్లు సర్ది పెట్టినాము సార్," అన్నారంతే. తప్పెవరిదో ఆయనకు ఈనాటికీ తెలియదు.

రిటైరయ్యాక కూడా నేను ఫోన్ చేస్తే ముందు "తిన్నావా?" అనేవారు. ఆ తర్వాతే "డిస్కు ఏమంటా ఉండాది?" ఆ రెండో ప్రశ్న నన్నడిగే మనిషి ఇక లేరు.

సర్వరులో వాడకంలో లేని లాగిన్ ఖాతాలు తీసేయమని నిన్న పైనుంచి జాబితా వచ్చింది. మొదటి పేరు ఆమెదే. సర్వరులో ప్రతి ఫైలు పక్కనా దాన్ని చేసినవాళ్ల పేరుంటుంది. ఖాతా తీసేస్తే ఆ పేరు చోట వట్టి అంకె మిగులుతుంది. తీసే ముందు ఆమె ఫైళ్లన్నీ ఒకసారి తెర మీదికి రప్పించాను. కింది నుంచి పైకి, వరస వెంట వరస, ఆమె పేరు కదిలిపోతూనే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.