మోడెంలో వినిపించిన గొంతు

నా చిన్నప్పుడు విజయవాడ వన్‌టౌన్‌లోని మా ఇంట్లో ఒకే లైను మీద రెండు ఫోన్లుండేవి. ఒకటి హాల్లో కంప్యూటర్ పక్కన, రెండోది లోపలి గదిలో మా దాదీ మంచం దగ్గర. దాదీ అంటే మా నాన్నమ్మ. ఒక గదిలో మాట్లాడుతుంటే రెండో గదిలో రిసీవర్ ఎత్తినవాళ్ళకు అంతా వినబడేది.

మా అబ్బా, అంటే నాన్న, మంగళగిరి చీరల వ్యాపారి. ఆ నెల సరుకు చూపించడానికి దూరప్రాంతం వెళ్ళారు. ఆయన దిగిన ఊళ్ళోనే భూకంపం వచ్చిందని పొద్దున్నే రేడియోలో విన్నాం. ఎన్నిసార్లు చేసినా ఆయన బస చేసిన చోటికి ఫోన్ కలవలేదు. బయల్దేరేటప్పుడు ఆయన ఒక మాటన్నారు, ఫోన్ దొరక్కపోతే మెయిల్ ఇస్తానని. ఆ మాటే మాకు ఆధారం.

కానీ మా కంప్యూటర్‌కు అంతకుముందే వైరస్ పట్టి పాడైంది. ఇంజనీరింగ్ చదివే పక్కింటి అక్క దానిమీద లినక్స్ ఎక్కించింది. కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేసుకోవచ్చు అని మురిసిపోతూ చెప్పింది. ఇంటర్నెట్ మాత్రం ఇంకా కుదర్చలేదు. కబురందగానే చున్నీ నడుముకు బిగించుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

ఫోన్ లైను మీద ఇంటర్నెట్ కలిపే మోడెం నంబరు తిప్పేది, కీచుమని అరిచేది, కలిసినట్టే కలిసి తెగిపోయేది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో 'నో క్యారియర్' అని వచ్చేది. అవతలివైపు తెగిందని దానర్థం. అక్క ఒకసారి పాస్‌వర్డ్ సరిచూసింది, ఒకసారి వేగం తగ్గించింది. ఒక్కొక్కటే మార్చేది, రెండు కలిపి మార్చేది కాదు. ప్రతి ప్రయత్నం తర్వాతా ఆగి లైను వదిలేసేది. ఎందుకంటే మోడెం నడుస్తున్నంతసేపూ మా ఫోన్ ఎంగేజే. ఆ కాసేపట్లో అబ్బా చేస్తే?

అమ్మీ భయమంతా అదే. "ఆ పాతదే ఉంచితే సరిపోయేది కదమ్మాయ్! ఇప్పుడు ఈ కీచుగోల మాకెందుకు? ఆయన ఫోన్ చేస్తే ఎలా తెలుస్తుంది మాకు?"

"ఇంకొక్కసారి ఆంటీ. రాకపోతే వైరు పీకేసి నేనే ఇంటికి పోతాను, సరేనా?"

అమ్మీ నమాజు చాప జానమాజ్ పరుచుకుని మధ్యాహ్నపు జొహర్ నమాజులో నిలబడింది. అక్క ఈసారి మోడెం స్పీకర్ ఆపలేదు. లైను కలిశాక కూడా లోపలి చప్పుడు వినిపించేలా ఏదో ఆదేశం టైపు చేసి, చెవి దగ్గరపెట్టి కూర్చుంది. నేను ఆమె మోకాలి పక్కన కూర్చున్నాను. కీచు మొదలైంది. తర్వాత బుసబుసమని హోరు. ఆ హోరులోంచి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, సన్నగా ఒక గొంతు.

"బేటా... ఉన్నావా బేటా..."

అది దాదీ గొంతు. వెంటనే లైను తెగింది.

లోపల దాదీ ఉండబట్టలేక మాటిమాటికీ రిసీవర్ ఎత్తి కొడుకు కోసం వింటోంది. ఆమె ఎత్తిన ప్రతిసారీ కొడుకు కబురు వచ్చే దారి మూసుకుపోతోంది. నేను లేచి అరవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. తను లేచి లోపలి గది గుమ్మం దగ్గర నిలబడింది. రిసీవర్ సంగతి ఎత్తలేదు.

"మామ్మగారూ, నాకొక్కదానికీ ధైర్యం చాలట్లేదండీ. మీరొచ్చి నా పక్కన కూర్చుని దువా చేస్తారా?"

దాదీ కళ్ళు తుడుచుకుని వచ్చింది. "నాకేం తెలుసమ్మా ఈ డబ్బా సంగతి? ఇది దువాకి కదులుతుందా?" అంటూనే కుర్చీలో కూర్చుని రెండు చేతులూ చాచింది. అక్క మళ్ళీ మోడెం కలిపింది. ఈసారి లోపలి గదిలో ఎవరూ లేరు. హోరు ఆగలేదు, లైను తెగలేదు. తెర మీద అక్షరాలు వరసగా దిగుతూనే ఉన్నాయి. అక్క మెయిల్ తెరిచి గట్టిగా చదివింది. నేను క్షేమం, పక్క పట్నానికి వచ్చేశాను, ఇక్కడ ఫోన్ల దగ్గర జనం విరగబడుతున్నారు, అమ్మకు చెప్పండి.

అమ్మీ నమాజు ముగిస్తూ సలాం తిప్పుతూనే ఆ మాటలు విని అక్కడే షుక్ర్‌తో, కృతజ్ఞతగా నేలకు నుదురాన్చి సజ్దాలో వాలిపోయింది. దాదీ మాత్రం "ఇంకోసారి చదువమ్మా" అంది. మళ్ళీ చదివితే, మళ్ళీ అంది.

మర్నాడు దాదీ గదిలోకి వెళ్ళి చూశాను. రిసీవర్‌ను ఫోన్‌కు కలిపి తన చేతిరుమాలుతో ముడి వేసి ఉంది. ఎవరూ చెప్పలేదు, తనే కట్టుకుంది. నేను ముడి వైపు చూడటం గమనించి దాదీ తస్బీ పూసలు తిప్పుకుంటూ అంది, "ఆ పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు ఇది ఇలాగే ఉండాలి."

మాకు ఖురాన్ నేర్పే ఆపా ఆ రోజుల్లోనే ఒక సంగతి చెప్పింది. జమాత్‌లో, అంటే అందరూ కలిసి నిలబడ్డప్పుడు, నమాజు చేయించే ఇమాం ఎక్కడైనా మరిచిపోతే వెనకున్న మగవాళ్ళు సుబ్‌హానల్లాహ్ అంటారు. ఆడవాళ్ళు చేతి మీద చేత్తో ఒక్కసారి తడతారు. నువ్వు తప్పావని ఎవరూ అనరు. ఆయనే గుర్తుచేసుకుని సర్దుకుంటాడు, నమాజు భంగం కాదు. ఆ మాట నేను అప్పటికే కంఠస్థం చేశాను. అర్థమైంది మాత్రం అక్క లోపలి గది గుమ్మంలో నిలబడ్డ క్షణంలో. మన దీన్, మన మతం చదవని ఆ అమ్మాయి చేత అల్లాహ్ నాకు ఆ పాఠం చెప్పించాడని నా నమ్మకం.

ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు నా ముందు కూర్చుని ఖురాన్ చదువుతారు. ఒక్కో పిల్ల ఒకే చోట మళ్ళీ మళ్ళీ తప్పుతుంది. నా నోటిదాకా మాట వస్తుంది. అప్పుడు ఆ హోరులోని గొంతు వినిపిస్తుంది, బేటా, ఉన్నావా అని. నేను ఎడమచేతి మీద ఒక్కసారి తట్టి ఊరుకుంటాను. ఆ పిల్ల ఆగి, వెనక్కి వెళ్ళి, తనే సరిగ్గా చదువుకునేదాకా ఎదురుచూస్తాను.