ఇన్‌స్పెక్షన్‌కి ఒక బిడ్డ కావాలి

2023 వానాకాలం. బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ దాటాక ఉన్న మా కమ్యూనిటీ కాలేజీలో నేను స్టూడెంట్ సపోర్ట్ సెల్ చూసేదాన్ని. కమ్యూనిటీ కాలేజీ అంటే పెద్ద పెద్ద డిగ్రీలిచ్చేది కాదు. ఏడాదో రెండేళ్లో చదివి, చేతికొక పని నేర్చుకుని బయటపడే చోటు. మస్తూరీ, రతన్‌పూర్ వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు, రైల్వేలో కాంట్రాక్టు పనులు చేసేవాళ్ల పిల్లలు, పెళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడపిల్లలు మా దగ్గర చదివేవాళ్లు. వాళ్లు మధ్యలో మానేయకుండా చూడటం నా పని. ఆఫీసు భాషలో దీన్ని ‘రిటెన్షన్’ అంటారు.

వాళ్లు ఎందుకు మానేస్తారో నాకు తెలుసు. ఎందుకు మానేస్తున్నారని పైవాళ్లు అనుకుంటారో కూడా తెలుసు. ఆ రెండింటికీ ఎక్కడా పొంతన ఉండదు. వెనకబడ్డవాళ్లకి మళ్లీ పాఠం చెప్పే ‘రెమెడియల్ క్లాస్’ సాయంత్రం పెట్టేవారు. అప్పటికి మస్తూరీ బస్సు వెళ్లిపోతుంది. వెనకబడ్డవాళ్లంతా ఆ బస్సులోనే ఉంటారు. క్లాసులో మిగిలేది కాలేజీ పక్కన ఇల్లున్న ఇద్దరు ఫస్ట్ ర్యాంకర్లు. ఇదేం విడ్డూరమండీ అని మీటింగులో అడిగితే, “టైమ్‌టేబుల్ పై నుంచి వచ్చింది మేడం” అన్నారు. ఓసారి రాయ్‌పూర్ నుంచి ఒకాయన వచ్చి ‘ఆత్మవిశ్వాస శిబిరం’ పెట్టాడు. ఎండలో పిల్లల్ని నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, నేను సాధించగలను అని అరిపించాడు. అరిచి అరిచి వాళ్లకి గొంతులు పోయాయి, నాకు తలనొప్పి వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, మా క్రెష్ ఒక ఎత్తు. చదువుకునే తల్లుల పిల్లల్ని చూసుకునే గది అన్నమాట. ప్రభుత్వ స్కీమ్ డబ్బుతో నా ఆఫీసు పక్కనే కట్టారు. గోడల మీద ఏనుగులు, చిలకలు. లోపల రెండు చిన్న మంచాలు, జారుడుబల్ల, ఊగే చెక్క గుర్రం. గుర్రానికి కంపెనీవాడు చుట్టిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. రిబ్బన్ కత్తిరించిన రోజు తప్ప ఆ గది ఎవరూ తెరవలేదు. తాళం మా స్టోర్ ఇన్‌చార్జి తివారీ జీ దగ్గర ఉండేది.

ఒక మధ్యాహ్నం గౌరి వచ్చింది. మెడికల్ లాబ్ టెక్నీషియన్ కోర్సు, రెండో ఏడాది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేడం, నాను మానీస్తానండి.”

“ఏటయిందే?” అన్నాను. ఆ పిల్లని చూస్తే నాకు ఇంటి మాటే వస్తుంది. మా తాతలాగే వాళ్ల తాత కూడా పలాస వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు.

“మా అత్త పొద్దుటి పూట గుంటని సూస్తాది. రెండయితే సాయంత్రం ఇడ్లీ బండికి చట్నీలు రుబ్బుకోవాల. మా ఆయనది కోచ్‌లు కడిగే కాంట్రాక్టు, డ్యూటీ ఎప్పుడు పడతాదో ఆయనకే తెల్దు. నా ప్రాక్టికల్సేమో రెండింటికే. లాబ్‌లోకి బచ్చీని తేవొద్దన్నారు. సహీ బాత్ హై, నిజవేలెండి, అక్కడంతా రక్తం శాంపిల్సే కదా. మరి నానేటి సెయ్యాల?”

గుంట అంటే ఆమె కూతురు చిన్నీ. ఏడాదిన్నర పిల్ల. గౌరికి అప్పటికే చాలా ప్రాక్టికల్స్ పోయాయి. ఇంకొన్ని పోతే ‘షార్టేజ్’, అంటే హాజరు చాలక పరీక్ష రాయనివ్వరు. మా స్కీమ్‌లో ఫీజు మాఫీ ఒక్కసారే. సీటు పోతే మళ్లీ సొంత డబ్బు కట్టి చదవాలి, అది వాళ్లకి అయ్యే పని కాదు. పాసైతే కుదుదండ్‌లో ఒక లాబ్ ఆయన ఉద్యోగమిస్తానని మాటిచ్చాడు. ఆ పిల్ల బతుకంతా రోజుకి రెండు గంటల దగ్గర ఆగిపోయింది. ఆ రెండు గంటలకి కావలసిన గది నా గోడ అవతలే తాళం పెట్టుకుని ఉంది.

తివారీ జీ దగ్గరికి వెళ్లాను.

“తెరిస్తే పాడైపోతాయి మేడం. రేపు ఇన్‌స్పెక్షన్‌కి ఏం చూపిస్తాం?”

“ఎవరూ వాడని గదిలో ఏం చూపిస్తారండీ?”

“కొత్త సామాను చూపిస్తాం” అన్నాడు, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

ఒళ్లు మండిపోయి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. ఆయన చెడ్డ మనిషి కాదు. టీ తెప్పించారు. “మీరు కాగితాలు నింపించిన సర్వేలోనే చూడండి మేడం. పిల్లలున్న విద్యార్థినులు ఒక్కరే. ఒక్క బిడ్డ కోసం గది తెరవమంటారా? ఆ అమ్మాయికి కౌన్సెలింగ్ ఇవ్వండి. మోటివేషన్ తగ్గినట్టుంది.”

మోటివేషన్! తెల్లారకుండా లేచి, ఇంటెడు వంట చేసి, పిల్లకి నీళ్లు పోసి, ఆటో దొరక్కపోతే నడిచి వచ్చే పిల్లకి మోటివేషన్ తగ్గిందట. టీ అక్కడే వదిలేసి లేచాను.

సరే, నా ఆఫీసులోనే ఉంచు అని గౌరికి చెప్పాను. కొన్ని రోజులు చిన్నీ నా టేబుల్ కింద ఆడుకుంది. ఒకరోజు స్టాంప్ ప్యాడ్ దొరికింది దానికి. ఫైళ్ల మీద, గోడ మీద, నా చీర మీద నీలం రంగు చేతులు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు ఎవరో అతిథిని వెంటబెట్టుకుని వచ్చారు.

“ఇది ఆఫీసా, నర్సరీయా మేడం?”

“నర్సరీ పక్క గదండి. తాళం వేసుంది” అన్నాను. నోరు ఊరుకోదు నాకు. మర్నాడే ఆర్డర్ వచ్చింది, ఆఫీసు గదుల్లో పిల్లల్ని ఉంచకూడదని. గౌరి ఆ వారం నుంచి రావడం మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగు మాటలు తక్కువ మాట్లాడి ఉంటే బాగుండేదేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ తిట్టాల్సింది నన్నేనా అని ఇంకా కోపం వచ్చేది.

కొన్నాళ్లకి ఇన్‌స్పెక్షన్ టీమ్ వస్తోందని కబురు. కాలేజీ అంతా సున్నం వాసన. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు.

“మేడం, ఆ అమ్మాయి ఏదీ? బిడ్డ ఉన్న అమ్మాయి?”

“మానేసింది సార్.”

“అరే! ఎలా మానేస్తుంది? రేపు టీమ్ క్రెష్ చూస్తుంది. క్రెష్‌లో బిడ్డ లేకపోతే ఎలా?”

పక్కనే ఉన్న తివారీ జీ సాయం చేయబోయాడు, తన మేనల్లుడి కొడుకుని తెస్తానన్నాడు. వాడు ఆరో క్లాసు చదువుతున్నాడు.

ఇంతకాలం బిడ్డకి గది ఇవ్వండి మహాప్రభో అని కాళ్లరిగేలా తిరిగాను. ఇప్పుడు గదికి బిడ్డ కావాలట. ఛీ, ఈ ఉద్యోగం మానేద్దామా అనిపించింది. అయినా ఆ సాయంత్రం గౌరి వాళ్ల ఇడ్లీ బండి దగ్గరికి వెళ్లాను. విషయం చెబుతుంటే నాకే సిగ్గేసింది.

“అచ్ఛా!” అంది గౌరి, చేతిలో గరిట పట్టుకుని. “నాకు కావాలన్నప్పుడు తాళం ఏసీసినారు. ఇప్పుడు ఆళ్లకి కావాలంటే నా గుంటని తీసుకెల్లి బొమ్మలాగ కూకోబెట్టాలా? నాను రాను మేడం.”

నేనేం బతిమాలలేదు. బతిమాలే ముఖం నాకు లేదు. ఇడ్లీలు తీస్తున్న వాళ్లత్త తలెత్తి కోడలికేసి చూసింది.

“ఎల్లవే. కొత్త గౌను ఏసి మరీ తీసుకెల్లు. పెద్దోళ్లంతా ఒక్క దగ్గర నిలబడతారు. అడగాల్సింది అక్కడే అడుగు.”

మర్నాడు ప్లాస్టిక్ కవర్లు విప్పించారు. గుర్రం కవరు మాత్రం తివారీ జీ ఉంచేశాడు, దుమ్ము పడుతుందని. చిన్నీ తల్లి చంక దిగి తిన్నగా ఆ గుర్రం దగ్గరికే నడిచింది. రెండు చేతులా ఆ కవరు పట్టి పరపరా చించేసింది. తివారీ జీ కళ్లు మూసుకున్నాడు.

టీమ్‌లో ఒక పెద్దావిడ ఉంది. అది చూసి నవ్వి గౌరిని హిందీలో అడిగింది: “పాప రోజూ ఎంతసేపు ఉంటుంది ఇక్కడ?”

ప్రిన్సిపాల్ గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. అబద్ధం చెబితే ఆ గది మళ్లీ మూతపడుతుంది. నిజం చెబితే ఆయన పరువు పోతుంది, ఆ కోపం ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. గౌరి తడుముకోలేదు.

“ఈరోజు పొద్దుటి నుంచి ఉందండి. రేపటి నుంచి రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా. మా ప్రాక్టికల్స్ అయ్యేదాకా తాళం వెయ్యరు.” ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగింది. “అంతే కదా సార్?”

పెద్దావిడ కూడా ఆయన వైపే చూసింది.

“హాఁ హాఁ” అన్నారాయన. “బిల్కుల్. రేపటి నుంచి.”

ఆవిడ అది రాసుకుంది. ఇక మాట తప్పడానికి లేదు. నేను నా టేబుల్ మోయించుకుని ఆ గదిలోకే మారిపోయాను, పిల్లల్ని చూడటానికి ఆయా లేదనే సాకు కూడా మిగలకుండా.

మర్నాడు రెండింటికి చిన్నీ వచ్చింది. దాని వెనకాలే మస్తూరీ నుంచి వచ్చే ఒక అమ్మాయి నాలుగేళ్ల పిల్లాడి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ తర్వాత ఇంకొకామె. వారం తిరిగేసరికి ఐదుగురు పిల్లలు. ఆ తల్లులంతా నాకు తెలిసినవాళ్లే. చదువు మీద శ్రద్ధ తక్కువ అని ప్రిన్సిపాల్ గారు కౌన్సెలింగ్‌కి పంపినవాళ్లే.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?” అని దాదాపు అరిచాను.

మస్తూరీ అమ్మాయి తల దించుకుంది. “పిల్లలున్నారని రాస్తే సీటు తీసేస్తారనుకున్నాం మేడం.”

గౌరికి పోయిన ప్రాక్టికల్స్ లాబ్ మేడం శనివారాలు చేయించింది. షార్టేజ్ గండం గట్టెక్కింది. ఇప్పుడు కుదుదండ్‌లో ఉద్యోగం. పోయినసారి నా రక్తం తీసింది ఆమే. “సూది సురుక్కుమంటే సెప్పండి ఆంటీ” అంది. చదువైపోయింది కదా, మేడం పోయి ఆంటీ వచ్చింది.

అవసరముందా అని కాగితం మీద అడిగితే భయపడేవాళ్లు లేదనే రాస్తారు. తలుపు తీసి పెడితే పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. ఇంతకాలం ఈ పని చేసి, ఇంత చిన్న సంగతి నాకు గౌరి వల్ల తెలిసింది. ఇప్పుడు ఏ స్కీమ్ వచ్చినా నేను అడిగేది ఒక్కటే: దీని తాళం ఎవరి దగ్గరుంటుంది?

చలికాలం వచ్చేసరికి గుర్రం చెవి ఒకటి విరిగింది. తోక ఎవరు పీకారో తెలీదు. తివారీ జీ దాన్ని ఎత్తుకుని నా టేబుల్ మీద పెట్టాడు. “చూశారా? పాడైపోతుందని నేను చెప్పలేదా?”

మా కాలేజీలో కంప్యూటర్లు చెదలు పట్టి పోయాయి, కుట్టుమిషన్లు తుప్పు పట్టి పోయాయి, పరుపులు ఎలకలు కొట్టి పోయాయి. ఆ రోజు స్టాక్ రిజిస్టర్ తెప్పించుకుని, గుర్రం ఎదురుగా, పాడవడానికి కారణం దగ్గర నా చేత్తో రాసి సంతకం పెట్టాను: పిల్లలు ఎక్కి ఆడినందువల్ల.