రామేశ్వరమ్మ కొట్టంలో రంగు దీపాలు

కోసిగి వైపు ఆ ఊళ్లో రామేశ్వరమ్మ మాటంటే మాటే. మొగుడు పోయాక ఎనుములను నమ్ముకుని, ఇంటింటికీ పాలు పోసి కొడుకుని గట్టెక్కించిన మనిషి. ఎనుముల కొట్టానికి ఒక పక్క కొడుకు, మనవడితో ఆమె ఉండే ఇల్లు, రెండో పక్క మరిది హనుమేష్ ఇల్లు.

పోయిన వానాకాలం హనుమేష్ కూతురు భువన పొద్దున జ్వరమని పడుకుంది. సాయంత్రానికి ఫిట్స్ వచ్చాయి. ఆదోని ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే కన్నుమూసింది. ఇసుక ఈగ కుట్టి మెదడువాపు జ్వరం వచ్చి ఉండొచ్చన్నారు డాక్టర్లు. ఆనాటి నుంచి హనుమేష్ ఎవరితోనూ సరిగా మాట్లాడింది లేదు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక కర్నూలు నుంచి శ్రీవాసవి అనే అమ్మాయి వచ్చింది. పురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఇసుక ఈగలు చీకట్లో ఏ రంగు వెలుతురుకు ఎక్కువగా వస్తాయో తెలిస్తే, వాటిని పట్టడం సులువవుతుందట. ఊళ్లో అందరూ వద్దన్నారు. రామేశ్వరమ్మ మాత్రం "మా కొట్టంలో కట్టుకో అమ్మా" అంది.

పొద్దుగూకాక కొట్టం దూలాలకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు దీపాలు వెలిగాయి. ఒక్కోదాని కింద చిన్న ఫ్యాను, దాని కింద సన్నటి వలసంచి. దీపం దగ్గరికి వచ్చిన పురుగును ఫ్యాను సంచిలోకి లాగేస్తుంది.

మర్నాటికే ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి, ఆ దీపాలే ఈగలను పిలుస్తున్నాయని. ఆ సాయంత్రం దీపాలు వెలిగాయో లేదో, హనుమేష్ గడ్డపారతో వచ్చాడు.

"వదినా, పక్కకు జరుగు."

"ఎందుకప్పా?" ఆమె గడపకు అడ్డం నిలబడింది.

"ఊర్లో లేని పురుగును పిల్చుకొస్తాండారు. నా బిడ్డను తిన్నది సాలదా?"

గడ్డపార పైకి లేచింది. ఎనుములు బెదిరి పలుపులు గుంజుకున్నాయి. రామేశ్వరమ్మ కాపురానికి వచ్చేనాటికి లాగు వేసుకుని తిరిగిన పిల్లాడు ఇతడు. ఇప్పుడా కళ్లు చూస్తే ఎవరో పరాయివాడిలా ఉన్నాడు.  అతని మాట నిజమేనేమోనన్న అనుమానం పొద్దుటి నుంచీ ఆమెనూ తొలుస్తూనే ఉంది.

కదలకుండానే లోపలున్న శ్రీవాసవి వైపు తల తిప్పింది. "నిజం చెప్పమ్మా. నీ దీపాలు యాడియాడి ఈగల్నో ఈడికి తెస్తాండాయా?"

శ్రీవాసవి ముందుకొచ్చింది. "లేదక్కా. అవి ఎక్కువ దూరం ఎగరలేవు. ఈ చుట్టుపక్కల గోడ పగుళ్లల్లో, పేడ తేమలో ఉన్నవే వస్తాయి. కావాలంటే చూడండి."

ఒక సంచి విప్పి, టార్చి వేసి, భూతద్దం అందించింది. హనుమేష్ గడ్డపార వదలకుండానే వంగి చూశాడు. దోమకన్నా చిన్నది, ఒంటి నిండా నూగు, నిక్కబొడుచుకున్న రెక్కలు.

"ఇదా? ఇంత నలుసా?"

భూతద్దం దించి, నెమ్మదిగా అడిగాడు. "పాపకు చీకటంటే బయం. మంచం పైన నీలం బల్బు నేనే ఏసినా. దానికే వచ్చినాయా?"

 లేదని చెప్పమ్మా అని రామేశ్వరమ్మ మనసులోనే మొక్కుకుంది.

శ్రీవాసవి అబద్ధం చెప్పలేదు. "నాకు తెలీదన్నా. అది తెలుసుకోడానికే వచ్చినా. కానీ వెలుతురు లేకున్నా మనిషి వాసనకు వస్తాయి. చీకట్లో పడుకున్న పిల్లల్నీ కుట్టినాయి."

గడ్డపార నేలమీద పడింది, అతడూ కూలబడ్డాడు. కూతురు పోయాక హనుమేష్ ఏడవడం అదే మొదలు. రామేశ్వరమ్మ అతని తలను పొట్టకు ఆనించుకుని నిలబడిపోయింది.

ఆ కొట్టంలో ఎర్ర దీపం సంచిలోనే ఎక్కువ ఈగలు పడ్డాయి. ఒక్క కొట్టం చూసి ఏమీ చెప్పలేమని శ్రీవాసవి వేరే ఊళ్లకు పోయింది. వదినామరుదులు మాత్రం ఎనుములను చేను గట్టుకు మార్చారు. గోడ పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చారు.

అయినా వానలు తగ్గకముందే రామేశ్వరమ్మ మనవడికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. హనుమేష్ ఎవరి మాటా వినకుండా పిల్లాణ్ణి బండి మీద వేసుకుని, వాడి తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని ఆదోనికి పోయాడు. రామేశ్వరమ్మ పొయ్యి వెలిగించలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. అది రెండోసారి మోగినప్పుడు ఎత్తింది.

"వదినా, మామూలు జరమే అంట. నవ్వుతాండాడు. నువ్వు ఇంత సంగటి తిను."