నాలుగు దర్వాజల వెబ్‌సైటు

మా బళ్ళో కంప్యూటర్ గది తెరిచిన ఏడాది ప్రిన్సిపాల్ గారు చరిత్ర టీచర్నైన నన్ను పిలిచి, "చరిత్రంతా వెబ్‌సైటులో పెట్టేద్దాం మేడమ్. అది తయారైతే మీ నాలుగు పీరియడ్లలో మూడు కంప్యూటర్‌కి ఇచ్చేయొచ్చు" అన్నారు. వారానికి ఒక్క పీరియడ్ చెప్పే టీచరుకి జీతమిచ్చే బడి సికింద్రాబాద్‌లో లేదు. అయినా ఫొటోల కోసం ఓరుగల్లు కోటకు నన్నే బయల్దేరదీశారు. నా గొయ్యి నేనే తవ్వుకోవడానికి రానుపోను టిక్కెట్లు బడివే.

శనివారం పొద్దున్న మారేడ్‌పల్లి నుంచి ఆటోలో స్టేషన్ చేరాను. కంప్యూటర్ సారు మహేష్ కెమెరాతో ముందే వచ్చాడు. ఎనిమిదింటి బండి ఎనిమిదిన్నరకు కదిలింది. ఎదురు సీట్లో జనగామ వెళ్ళే పెద్దాయన మా పని కనుక్కుని, "ఇంటర్నెట్టంటే ఏందీ? అది ఎవలిది?" అన్నాడు.

"ఎవలిది గాదు తాతా, అందరిది," అన్నాడు మహేష్.

"రాజ్యమంటే రాజు పోతే కూలుతది. రాజే లేకుంటే అది ఎట్ల కూలుతది మరి?"

మహేష్ నవ్వి, "కంపెనీలైతే కూలుతయ్ తాతా. బేగంపేటల నేను పన్జేసిన కంపెనీ రెండో దీపావళి సుత చూడలే," అన్నాడు.

కాకతీయులు నయం, నూటయాభై ఏళ్ళకు పైగా ఉన్నారు. కంపెనీ మునుగుతుందని ముందే ఎలా తెలిసిందని అడిగాను.

"మొదలు ఫ్రీ ఛాయ్ బంద్ చేసిండ్రు మేడమ్. తర్వాత ఏసీ. ఆఖరికి బాస్ మస్తు ప్రేమగ మాట్లాడుడు షురూ చేసిండు."

ఈమధ్య ప్రిన్సిపాల్ గారు నన్నెంత ప్రేమగా పలకరిస్తున్నారో గుర్తొచ్చి, తింటున్న పులిహోర డబ్బాకి మూత పెట్టేశాను.

వరంగల్‌లో దిగేసరికి పదకొండు దాటింది. స్టేషన్ బయట ఆటోవాళ్ళతో బేరమాడక తప్పదు. కోటలో నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. నడుమ ఉండాల్సిన గుడి మాత్రం ముక్కలై నేలమీద పరుచుకుని ఉంది. మహేష్ నాలుగు తోరణాలకూ నాలుగు ఫొటోలు తీశాడు. ఈలోగా ఊరికే ఉండలేక నేను కథ మొదలుపెట్టాను. ఢిల్లీ సైన్యం ఒకసారి వెనుదిరిగితే, కోటలోవాళ్ళు గెలిచామనుకుని పండగ చేసుకున్నారట, గాదెలు ఖాళీ చేసుకున్నారట. నెలలు తిరక్కుండా ఆ సైన్యమే మళ్ళీ వచ్చింది.

"తర్వాత?" అన్నాడు మహేష్, విరిగిన స్తంభం మీద కూర్చుని.

ఆఖరి రాజును ఢిల్లీకి తీసుకుపోతుండగా ఆయన నర్మద ఒడ్డున చనిపోయాడనే దగ్గరికి వచ్చేసరికి ఎండ పోయింది. కెమెరా సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

తిరుగు బండిలో భువనగిరి దాటాక మహేష్, "నాలుగు ఫొటోలే ఉన్నయ్ మేడమ్," అన్నాడు.

"మళ్ళీ రావాలా?"

"ఎందుకు? సైటుల గవే నాలుగు దర్వాజలు పెడ్త. దేన్ని నొక్కినా 'పని నడుస్తున్నది' అని బోర్డొస్తది. సైటు తయారుగాదు, మీ పీరియడ్లు పోవు."

"ప్రిన్సిపాల్ గారు అడిగితే?"

"సగం ఇంటర్నెట్టు గా బోర్డే మేడమ్. ఎవలూ అడుగరు. సోమారం తొమ్మిదో క్లాసుల నా పీరియడ్ సుత మీరే తీస్కోండ్రి. గీ ముచ్చట పోరగాండ్లకు చెప్పుండ్రి, నేను ఎనక బెంచీల కూసుంట."

కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఓరుగల్లు చూడబోయేవారికి నేను చెప్పేదొకటే. పొద్దుటి బండికే వెళ్ళండి. కెమెరా లేకపోయినా పరవాలేదు గానీ, తర్వాత ఏమైందని అడిగే మనిషిని మాత్రం వెంటబెట్టుకుని వెళ్ళండి.