కింది గిన్నె

బస్సు డ్రైవరన్నాక స్టీరింగుకీ సీటుకీ మధ్య పొట్ట పట్టాలి కదా! ఈయనకు పట్టడం మానేసింది. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గకపోతే బండి దింపి గేటు దగ్గర కూర్చోబెడతామని డిపో డాక్టరు తేల్చేశాడు. ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషికి గేటు దగ్గర కుర్చీ అంటే ప్రాణం పోయినట్టే.

ఫోనులో ఒక యాప్ పెట్టించారు. తిన్నది రాయాలి, నడిచింది రాయాలి, పొద్దున్నే మనసెలా ఉందో చెప్పడానికి ఒక బొమ్మ నొక్కాలి. డిపోలో ఒక్కడైనా ఏడుపు బొమ్మ నొక్కితే ఒట్టు! ఆఫీసుకు తెలిస్తే మతి సరిగా లేదని బండి ఇవ్వరని అందరికీ భయం. ఈయనా డెబ్బై రోజులు నవ్వు బొమ్మే నొక్కాడు. తగ్గింది ఒక్క కిలో.

ఆ మర్నాడు యాప్ తరఫున సలహాలిచ్చే అమ్మాయి ఫోన్ చేసింది.

“బాబాయ్‌గారూ, మీరు రాసిన తిండికీ ఈ బరువుకీ పొంతన కుదరడం లేదండి. రాయనిదేమైనా ఉందా?”

“నాది రాశానమ్మా. వాడిది రాయలేదు.”

వాడంటే కండక్టరు. పందొమ్మిదేళ్లు ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే క్యారియరు. పై గిన్నె ఈయనది, ఒంటరివాడైన కండక్టరుది కింది గిన్నె. నిరుడు గుండె ఆగి పోయాడు. తర్వాత కూడా ఇంటావిడ రెండు గిన్నెలూ నింపుతూనే ఉంది. ఈయన వద్దనలేదు. పారేయడానికి చేతులు రాక ఏడాదిగా రెండూ తింటున్నాడు. మొండిఘటం, మనసులో మాట పెళ్లానికైనా చెబితేగా! ఆ పూట ఫోనులో ఆ అమ్మాయికి మాత్రం ఇదంతా చెప్పేశాడు.

“మరి రోజూ నవ్వు బొమ్మే నొక్కారేంటండి? ఆ బొమ్మలు మీ ఆఫీసుకు వెళ్లవండి, నేనే చూస్తాను. ఆయన పోయాక ఎవరితోనైనా మాట్లాడారా?”

“ఏం మాట్లాడనమ్మా? బండి తీసే ముందు ఇప్పటికీ ఆగుతున్నా, వాడు రైట్ అంటాడేమోనని.”

సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, “రేపటినుంచి ఒక గిన్నె చాలు,” అన్నాడు.

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. “నేను మానేస్తే మీరు తట్టుకోలేరని పెడుతున్నానండీ.”

“వద్దంటే నువ్వు బాధపడతావని తింటున్నా.”

ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చారు.

గడువు నాటికి నాలుగు కిలోలే తగ్గాడు. డాక్టరు ఇంకో రెండు నెలలిచ్చి, అప్పటిదాకా గేటు డ్యూటీ అన్నాడు. ఈయన ఎదురు చెప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టి, స్నేహితుడు పోయిన దగ్గర్నుంచి తన మనసు బాగాలేదని ఆ డాక్టరుకు తనే చెప్పాడు.