చొక్కా చేతి మీద ఏడో అంతస్తు

మా అమ్మమ్మ దర్జీ. నోట్లో మూడు గుండుసూదులు పెట్టుకుని కూడా నన్ను స్పష్టంగా తిట్టగలదు. ఆ విద్య ఇంకెవరికీ లేదు. ఆ దుకాణంలోనే ఒక మూల తాతయ్య గడియారాలు బాగుచేసేవాడు.

ఒక ఆఫీసు మూసేస్తూ పారేయబోయిన పాత కంప్యూటర్‌ని తాతయ్య మోసుకొచ్చాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క ఆట. నేల కింద పది అంతస్తుల చీకటి దారులు, వాటి నిండా రాక్షసులు, మాంత్రికులు. ఆరుగురిని తయారుచేసి దింపాలి. ఇప్పటి ఫోను ఆటల్లోలా ఎటు పోవాలో చూపించే బాణాలు లేవు, పటం మనమే గీసుకోవాలి. తాతయ్య మీటలు నొక్కుతూ "ముందుకి మూడు, ఎడమకి ఒకటి, తలుపు" అంటుంటే, అమ్మమ్మ బట్ట కత్తిరించే ముందు కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం మీద స్కేలు పెట్టి గీసేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక షట్టర్ సగం దించి వాళ్లు చేసే పని ఇదీ. ఆ వయసు మొగుడూ పెళ్లాలు మామూలుగా కునుకు తీస్తారు.

తాతయ్య ఒకడికి గడియారం అని పేరుపెట్టి, కత్తిచ్చి ముందు నిలబెట్టాడు. గాయాలు మాన్పే ఆమెకి సూది అని పేరుపెట్టి వెనక వరసలోకి పంపాడు.

"నన్ను వెనక్కి నెట్టారేం?"

"నేను చిరిగితే కుట్టాల్సింది నువ్వేగా."

ఆ ఆటలో చచ్చినవాళ్లు పడ్డచోటే ఉండిపోతారు. ఇంకో జట్టు దిగి మోసుకొస్తేనే పైకి వస్తారు. ఏడో అంతస్తులో ఒక సర్పం ఊపిరికి మనవాళ్లు ఆరుగురూ ఒకేసారి పోయారు. అమ్మమ్మ పటంలో అక్కడ ఎర్ర సుద్దతో గుర్తు పెట్టింది. "ఆదివారం కొత్తవాళ్లని పంపి తెచ్చుకుందాంలే" అన్నాడు తాతయ్య. ఆ శుక్రవారమే ఒక గోడగడియారం విప్పి, దాని మీద తల వాల్చినవాడు మళ్లీ ఎత్తలేదు.

నెల తిరక్కుండా అమ్మమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఆయన్ని అక్కడ వదిలేసి ఎలాగే?" అంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది కాబట్టి, చదివిపెట్టే పెద్ద ఉద్యోగం నాది. ఈసారి ఐదుగురే. ఆరో చోటు ఆయన కోసం ఖాళీ. వాళ్లు ఏడో అంతస్తుని తట్టుకునేలా గట్టిపడేసరికి నాలుగేళ్లు పట్టింది.

తీరా ఆ రోజొచ్చి పటాల కట్ట విప్పితే ఏడోది లేదు.

ముందు వారం కాగితాలు అయిపోయి, తొందరలో ఆ కట్ట అడుగునుంచి ఒకటి లాగి చొక్కా చేతికి నమూనా కత్తిరించాను. అది మేకుకే వేలాడుతోంది. దాని మీద గళ్లన్నీ ఉన్నాయి, పైన చంక రౌండు దగ్గర కత్తిరించిన ముక్క తప్ప. ఆ ముక్కని నేనే ఊడ్చి పారేశాను. ఎర్ర గుర్తు దాని మీదే ఉంది.

అమ్మమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. మేకు నుంచి దాన్ని తీసుకుని అడిగింది.

"ఎవరి చొక్కా?"

"మందుల షాపాయనది."

"సరిపోయిందా?"

"చంకలో పట్టేసిందన్నాడు."

"పట్టదూ మరి? అక్కడ ఆరుగురున్నారు."

పటంలో లేని ఆ కాస్త జాగాలో మూడు మధ్యాహ్నాలు గోడలు తడుముకున్నాం. మూడోనాడు దొరికారు. తెర మీద ఆరు పేర్లు వచ్చాయి. మోయగలిగింది ఒకరినే.

"ఇందులో నువ్వూ ఉన్నావుగా అమ్మమ్మా?"

"నేను ఇక్కడే ఉన్నాగా. ఆయన్ని లేపు."

పైకి తెచ్చాం. ఆటలోని ఊళ్లో చచ్చినవాళ్లని బతికించే పూజారి ఉంటాడు. ఆయన మంత్రం చదివాడు. గడియారం పక్కన ఉన్న మాట మారింది. ఆ ఇంగ్లీషు మాట నాకు తెలుసు. బూడిద.

"ఏమంటాడే?"

"లేచాడు అమ్మమ్మా. ఒళ్లు విరుచుకుంటున్నాడు."

ఆమె కళ్లజోడు సర్దుకుని తెర మీద వేలు పెట్టింది. కుట్లు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టింది. "మిగతావాళ్ల పక్కన రెండక్షరాలున్నాయి. ఈయన పక్కన ఐదున్నాయేం?"

అప్పుడు నిజం చెప్పాను. ఇంకొక్కసారి ప్రయత్నించొచ్చని, అదీ తప్పితే పేరు కూడా చెరిగిపోతుందని చెప్పాను.

చేతిలో ఉన్న గుడ్డముక్కతో తెర మీద దుమ్ము తుడిచింది. "పేరుండనీ" అంది.

తర్వాత కాగితం తీసుకుని నెలవంకలా ఒక ముక్క కత్తిరించి, ఆ చొక్కా చేతికి అతికించింది. మూడు రోజులూ తడిమిన గళ్లన్నీ స్కేలు పెట్టి గీసింది. ఇంకా కిందే ఉన్నవాళ్లకి ఎర్ర సుద్దతో ఐదు చుక్కలు పెట్టింది. మేకుకి తగిలించి, గుండుసూదులు నోట్లో పెట్టుకుని, "దీన్ని మళ్లీ కత్తిరించావో..." అని మొదలుపెట్టింది.

ఆ తర్వాత అన్నది, మొదటిసారి, ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు.